క్లౌడ్ టెలిఫోన్ వ్యవస్థకు తగిన ఫోనును ఎన్నుకొనుట ఎట్లు?

మానవుడు సంఘజీవి. దూరాన ఉన్నవారికి తన మాట వినిపించవలెనన్న కోరిక అతనికి అనాదిగా ఉన్నది. దండోరా, వార్తాహరుడు, పావురం, ఉత్తరం, తంతి ఇవన్నీ ఆ కోరిక ఎక్కివచ్చిన మెట్లు. 1876 మార్చి 7వ తేదీన అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందటంతో, వార్త మాత్రమే కాక మనిషి గొంతే తీగ వెంట ప్రయాణించసాగినది. మరి ఆరు సంవత్సరాలకే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనవి. 1960 నవంబరులో కాన్పూరు, లక్నో నగరాల మధ్య ఎస్‌.టి.డి. సౌకర్యం ఏర్పడిన పిమ్మట, ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూచే అవసరం క్రమంగా తొలగిపోయినది. 1984లో స్థాపించబడిన సి-డాట్ సంస్థ మన ఎండకు, మన దుమ్ముకు తట్టుకొనే చిన్న ఎక్స్ఛేంజీని రూపొందించి పల్లెలకు టెలిఫోనును చేర్చినది.

ఇంత చరిత్రలోను ఒక సౌకర్యం మాత్రం చాలాకాలం చెక్కుచెదరలేదు. బజారులో ఏ కంపెనీ ఫోను కొన్నా, దాని రెండు తీగలను గోడలోని రెండు తీగలకు కలిపితే అది మోగేది. ఫోనుకు కావలసిన తెలివి అంతా ఎక్స్ఛేంజీలోనే ఉండేది. నేడు కార్యాలయాలు, ఆసుపత్రులు, కళాశాలలు అవలంబిస్తున్న క్లౌడ్ టెలిఫోన్ వ్యవస్థలో ఆ నిశ్చింత లేదు. చూపులకు కవల పిల్లలవలె ఉన్న రెండు ఫోనులలో ఒకటి పనిచేస్తుంది, రెండవది బల్లపై అలంకారంగా మిగిలిపోతుంది. విద్యాసంస్థకు ఇది చిన్న విషయం కాదు. హాస్టలులో ఉన్న కుమార్తె క్షేమం తెలుసుకొనగోరే తండ్రికి, స్కాలర్‌షిప్పు గడువు అడుగగోరే విద్యార్థికి కళాశాల తలుపు మొదట తెరుచుకొనేది ఫోనులోనే. కనుక ఈ ఎంపికను దుకాణదారుని మాటకు విడిచిపెట్టక, దాని వెనుకనున్న శాస్త్రాన్ని తెలుసుకొనటం అవసరం.

క్లౌడ్ అనగా నేమి?

క్లౌడ్ అంటే మేఘం. అయితే ఈ మేఘం ఆకాశంలో లేదు. పూర్వం పెద్ద కార్యాలయాలలో ఒక గోడకు ఇంటర్‌కం పెట్టె ఉండేది, దానినే ఇ.పి.ఎ.బి.ఎక్స్. అనేవారు. ప్రిన్సిపాల్ గదికి 11, ఆఫీసుకు 12, గ్రంథాలయానికి 13 అని సంఖ్యలిచ్చి ఒకరినొకరికి కలిపేది అదే. క్లౌడ్ వ్యవస్థలో ఆ పెట్టె మన గోడపై ఉండదు. హైదరాబాదులోనో, ముంబయిలోనో ఉన్న కంప్యూటరు కేంద్రంలో ఆ పని జరుగుతుంది. ఏలూరు చెంతనున్న వట్లూరులో ఒక కళాశాల ఆఫీసు నుండి పక్క గదిలోని పరీక్షల విభాగానికి ఫోను చేసినా, ఆ పిలుపు ముందుగా ఆ దూరనగరపు కంప్యూటరును పలకరించి, దాని అనుమతితో పక్క గదికి తిరిగివస్తుంది. అందువలన తాడేపల్లిగూడెంలో ఇంటి వద్దనున్న అధ్యాపకుని ఫోను కూడ కళాశాలలోని ఒక ఇంటర్‌కం సంఖ్యగా పనిచేయగలదు.

మన ప్రాంతానికి ఇది పూర్తిగా కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ప్రారంభమైనప్పుడు టెలివిజను, ఇంటర్నెట్‌లతో పాటు టెలిఫోనును కూడ ఒకే గాజుతీగపై ఇచ్చినది. ఫైబరు కనెక్షన్ ఉన్న ఇండ్లలో గోడకు బిగించిన పెట్టె వెనుక చిన్న ఫోను రంధ్రం ఉంటుంది. మాటను అంకెలుగా మార్చి ఇంటర్నెట్ మార్గాన పంపే పని ఆ పెట్టెయే చేస్తుంది గనుక పాత ఫోను అక్కడ మోగుతున్నది. క్లౌడ్ వ్యవస్థకు చేసిన బల్లఫోనులో ఆ పెట్టె పనిని ఫోనే స్వయంగా చేయవలెను. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఫోనుకు కూడ ఒక భాష కలదు

ఇద్దరు మనుషులు మాట్లాడుకొనుటకు ఉమ్మడి భాష ఎట్లు కావలెనో, ఫోనుకు, క్లౌడ్ కంప్యూటరుకు అట్లే ఒక ఉమ్మడి భాష కావలెను. నేడు ఎక్కువ వ్యవస్థలు వాడే భాష పేరు సిప్. దాని నియమావళి మొదట 1999లోను, నేటికీ ఆధారంగా ఉన్న రూపం 2002 జూన్‌లోను వెలువడినవి. ఫోను ఉదయం వెలిగించగానే తన పేరు, సంకేతపదం చెప్పి కంప్యూటరు వద్ద నమోదు చేసుకొంటుంది. పిలుపు చేయవలసినప్పుడు ఆహ్వానం పంపుతుంది. అవతలివారు ఎత్తగానే మాట మోసే పనిని ఆర్‌.టి.పి. అనే వేరొక ఏర్పాటు చేపడుతుంది.

రైలుమార్గాన్ని ఉదాహరణగా తీసుకొందము. ఇరువైపుల స్టేషను మాస్టర్లు ముందు లైన్ క్లియర్ మాట్లాడుకొంటారు. ఆ తరువాతనే రైలు కదులుతుంది. సిప్ ఆ లైన్ క్లియర్ వంటిది, ఆర్‌.టి.పి. రైలు వంటిది. ఫోను మోగి, ఎత్తగానే అవతలి మాట వినపడకపోతే, లైన్ క్లియర్ దొరికినది గాని రైలు దారి తప్పినదని అర్థం. చాలాచోట్ల ఒకవైపు మాటే వినిపించే జబ్బుకు కారణం ఇదే. కళాశాలలోని ఫోనులన్నిటికీ లోపలి చిరునామాలుంటాయి. బయటి ప్రపంచానికి రౌటరు చిరునామా ఒక్కటే కనిపిస్తుంది. తిరిగివచ్చే మాటను ఏ ఫోనుకు అందించవలెనో రౌటరుకు తెలియకపోతే అది గుమ్మం వద్దనే ఆగిపోతుంది. కొన్ని రౌటర్లలో సహాయం పేరుతో ఉన్న సిప్ ఏ.ఎల్‌.జి. అనే అమరిక సిప్ సందేశాలను మార్చివేసి ఈ చిక్కును పెంచుతుంది. అటువంటిచోట దానిని ఆపివేయుట మంచిది. దోషం రౌటరులో ఉండగా ఫోనును నిందించి మార్చినవారు రెండుసార్లు నష్టపోతారు.

తాళం వేసిన ఫోనులు

అన్ని ఫోనులూ సిప్ మాట్లాడవు. సిస్కో సంస్థ తన ఎక్స్ఛేంజీల కొరకు స్కిన్నీ అనే సొంత భాషను వాడినది. అవాయా ఫోనులలో చాలావాటికి హెచ్‌.323 అనే వేరొక పద్ధతి ఉండేది. సిస్కోలోనే ఒకే ఆకారం గల ఫోనుకు రెండు విధాల లోపలి ప్రోగ్రాములు ఉన్నవి: ఒకటి ఆ సంస్థ ఎక్స్ఛేంజీకి మాత్రమే లోబడేది, రెండవది మల్టీప్లాట్‌ఫాం అనే పేరుతో ఇతర వ్యవస్థలతో కూడ కలిసేది. పెద్ద కార్యాలయాలు ఖాళీచేసినప్పుడు పాత సామాను బజారుకు కారుచౌకగా వచ్చే ఫోనులలో మొదటి తరగతివి చాలా ఉంటాయి. వాటి అందం చూచి మోసపోరాదు.

ఇంకొక తాళం కూడ కలదు. క్లౌడ్ సేవ అమ్మే కొన్ని సంస్థలు ఫోనును తామే అమ్మి, అది తమ కంప్యూటరుతో తప్ప మరియొకదానితో మాట్లాడకుండ బంధిస్తాయి. నెలవారీ రుసుము పెరిగినందున సేవను మార్చుకొనవలసి వచ్చినప్పుడు ఫోనులన్నీ పనికిరానివౌతాయి. కనుక కొనుటకు ముందే, ఒప్పందం ముగిసిన నాడు ఫోనుల తాళం తీసి ఇస్తారా అన్న ప్రశ్నకు వ్రాతపూర్వకమైన సమాధానం పొందవలెను.

యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్, ఫాన్‌విల్, పాలీ, మన దేశంలో వడోదరకు చెందిన మ్యాట్రిక్స్ మొదలైన సంస్థలు సిప్ ఫోనులను తయారుచేస్తున్నవి. అయినను సిప్ అని పెట్టెపై ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. ఒకే తెలుగు మాట్లాడినా శ్రీకాకుళం యాస, నెల్లూరు యాస వేరైనట్లు, సిప్‌లోను యాసలున్నవి. పిలుపును మరొకరికి బదిలీ చేయటం, పక్కబల్ల ఫోను మోగుతుంటే ఇక్కడనుండి ఎత్తటం, ఎవరు మాట్లాడుతున్నారో దీపం ద్వారా తెలుపటం వంటి సదుపాయాలను ఒక్కొక్క సేవ ఒక్కొక్క తీరున అమలుచేస్తుంది. అందుచేత సేవ ఇచ్చే సంస్థ తాను పరీక్షించి ఒప్పుకొన్న నమూనాల జాబితాను అడిగి, అందులోని నమూనా సంఖ్యను అక్షరం తప్పకుండ సరిచూడవలెను.

ధ్వనిని అంకెలుగా మార్చే పద్ధతి

మాటను అంకెలుగా మార్చే పద్ధతికి కోడెక్ అని పేరు. 1972లో ఆమోదం పొందిన జి.711 పద్ధతిలో గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లలో వ్రాస్తారు. 8000ను 8తో గుణించగా సెకనుకు 64,000 బిట్లు అగును. దారిలో పైకప్పులుగా చేరే చిరునామాల బరువుతో కలిపి ఒక పిలుపుకు ఒక్కొక్క దిశలో సుమారు 87 కిలోబిట్లు పట్టును. ఒకేసారి పది పిలుపులు సాగినా ఒక మెగాబిట్ నిండదు. ఫైబరు కనెక్షన్ ఉన్న కళాశాలకు ఇది లెక్కలోనిది కాదు. కావలసినది వేగం కన్న నిలకడ. మాట ఒక చెవినుండి మరొక చెవికి చేరుటకు 150 మిల్లీసెకన్లు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికాం సంఘం సూచించినది. కంప్యూటరు ల్యాబులో నలభైమంది వీడియోలు చూచే సమయంలో మాటకు ముందుగా దారి ఇచ్చే అమరిక రౌటరులోను, స్విచ్చిలోను ఉండవలెను.

జి.711లో రెండు శాఖలున్నవి. మన దేశంలోను, ఐరోపాలోను ఎ-లా. అమెరికా, జపానులలో మ్యూ-లా. విదేశాలలో స్థిరపడిన పూర్వవిద్యార్థులు ఫోనులు బహూకరిస్తే ఈ అమరికను మొదట సరిచూడవలెను. జి.729 అనే పద్ధతి సెకనుకు 8000 బిట్లతోనే మాటను పంపగలదు. ఇంటర్నెట్ బలహీనమైన చోట అది ఉపయోగం. జి.722, ఓపస్ పద్ధతులు విశాలమైన ధ్వనిని మోస్తాయి.

ఈ విశాలధ్వని విలాసం కాదని భాషావిద్యార్థులు గ్రహించవలెను. పాత టెలిఫోను సెకనుకు 300 నుండి 3400 వరకు గల కంపనాలను మాత్రమే మోసేది. స, శ, ఫ వంటి ఊష్మధ్వనుల బలంలో గణనీయమైన భాగం అంతకు పైన ఉంటుంది. అందుచేతనే ఫోనులో షఫీ అన్నా సఫీ అన్నా ఒకే విధంగా వినిపించి, గుమాస్తా అక్షరం అక్షరం అడుగవలసి వస్తుంది. ఉర్దూ, తెలుగు పేర్లు పక్కపక్కన నడిచే మన వంటి సంస్థలో హాల్‌టిక్కెట్టుపై ఒక అక్షరం మారితే విద్యార్థి ఎంత తిరుగవలెనో అందరికీ తెలిసినదే. 7000 కంపనాల వరకు మోసే జి.722 గల ఫోను, కనీసం మన లోపలి పిలుపులలో, ఆ పొరపాట్లను తగ్గిస్తుంది. అయితే రెండు చివరల ఫోనులూ, నడుమనున్న సేవా ఆ పద్ధతిని ఎరిగియుండవలెను.

మీటల స్వరాలు

ఫోను మీట నొక్కినప్పుడు వినిపించే ధ్వని రెండు స్వరాల కలయిక. 1 నొక్కితే 697, 1209 కంపనాలు. 2 నొక్కితే 697, 1336 కంపనాలు పుడతాయి. తెలుగుకు ఒకటి, ఉర్దూకు రెండు నొక్కండి అని స్వాగతం పలికే యంత్రం ఈ స్వరాలను బట్టియే మన కోరికను తెలుసుకొంటుంది. అయితే మాటను కుదించే కోడెక్‌లు ఈ స్వరాలను చెడగొడతాయి. కావున మీట సమాచారాన్ని ధ్వనిగా కాక వేరు సందేశంగా పంపే అమరిక ఫోనులోను, సేవలోను ఒకే రకంగా ఉండవలెను. ఇది కుదరనిచోట బ్యాంకుకు ఫోను చేసి ఎన్నిమార్లు ఒకటి నొక్కినా యంత్రం తన పాటనే మళ్ళీ పాడుతూ ఉంటుంది.

తీగ, విద్యుత్తు

పాత ఫోనుకు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీలే 48 వోల్టుల విద్యుత్తును పంపేవి. ఊరంతా చీకటైనా ఫోను పలికేది అందువలననే. క్లౌడ్ ఫోనుకు ఆ రక్షణ లేదు. ఫోను, స్విచ్చి, రౌటరు, ఫైబరు పెట్టె ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి విద్యుత్తు లేకున్నా వ్యవస్థ మూగపోవును. తుఫానులు, కొల్లేటికి చేరే ఏరుల వరదలు తప్పని ప్రాంతం మనది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు అనేక పేటలకు విద్యుత్తు నిలిచిపోయిన సంగతి మనకు గుర్తున్నది.

దీనికి సులభమైన ఉపాయం పి.ఒ.ఇ. అనగా నెట్‌వర్కు తీగ వెంటనే ఫోనుకు విద్యుత్తును కూడ పంపటం. 2003లో ఏర్పడిన ప్రమాణం ప్రకారం స్విచ్చి ఒక్కొక్క రంధ్రం నుండి 15.4 వాట్ల వరకు ఇవ్వగలదు. మామూలు బల్లఫోనుకు అందులో కొద్దిభాగమే చాలును. ఫోనులన్నీ ఒకే స్విచ్చి నుండి విద్యుత్తు పొందుతాయి గనుక ఆ ఒక్కచోట ఇన్వర్టరు ఉంటే చాలును. లెక్క చూతము. ఫోనులు, స్విచ్చి, రౌటరు, ఫైబరు పెట్టె కలిసి 100 వాట్లనుకొందము. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోగా సగమే చేతికి వచ్చినా తొమ్మిది గంటలు నడుచును. అయితే ఫోను ఈ పద్ధతికి అనువైనదో కాదో కొనేముందే చూడవలెను. చౌకరకాలలో కొన్నింటికి వేరు అడాప్టరు తప్పదు.

చాలా ఫోనుల వెనుక రెండు నెట్‌వర్కు రంధ్రాలుంటాయి. ఒకదానికి గోడ తీగ, రెండవదానికి కంప్యూటరు. ఆ ఫోను 100 మెగాబిట్లదైతే దాని వెనుకనున్న కంప్యూటరు కూడ ఆ వేగానికే పరిమితమౌతుంది. పరీక్షల విభాగం వంటిచోట గిగాబిట్ ఫోను తీసుకొనుట యుక్తం. మరొక హెచ్చరిక: పాత ఫోను తీగ చివరి చిన్న ప్లగ్గు నెట్‌వర్కు రంధ్రంలో చక్కగా ఇమిడిపోతుంది. ఇమిడినదల్లా సరిపోయినదని భావించరాదు. పాత లైను మోగేటప్పుడు వచ్చే ఎక్కువ వోల్టేజి కొత్త పరికరానికి హాని చేయవచ్చును.

పాత ఫోనులు, పాత సంఖ్య

ఉన్న ఫోనులన్నిటిని పారవేయనక్కరలేదు. ఎ.టి.ఎ. అనే చిన్న పరికరం పాత ఫోనుకు, సిప్‌కు నడుమ దుబాసీ వలె వ్యవహరిస్తుంది. గేటు వద్ద, వంటశాలలో, నీరు, దుమ్ము తగిలేచోట పాత ఫోనునే ఎ.టి.ఎ.కు తగిలించుట పొదుపు. వేలితో తిప్పే డయలు గల ఫోనైతే ఆ దెబ్బలను గుర్తించగల ఎ.టి.ఎ. కావలెను, అన్నిటికీ ఆ శక్తి లేదు.

పాత సంఖ్య సంగతి ఇంకను ముఖ్యం. ఏలూరు సంఖ్యలకు ముందు 08812, తాడేపల్లిగూడెం సంఖ్యలకు 08818 అని వ్రాసి ఉన్న ధ్రువపత్రాలు, ప్రాస్పెక్టసులు ఎన్నో ఇండ్లలో ఉన్నవి. మొబైల్ సంఖ్యను మార్చకుండ కంపెనీని మార్చే సౌకర్యం 2011 జనవరిలో దేశమంతటికీ వచ్చినది గాని, ల్యాండ్‌లైను సంఖ్యలకు అది రాలేదు. కనుక క్లౌడ్ సేవకు మారినా పాత లైనును కొంతకాలం ఉంచుకొని, ఎఫ్‌.ఎక్స్‌.ఒ. రంధ్రం గల గేట్‌వే ద్వారా కొత్త వ్యవస్థకు కలుపుట మంచిది. ఎ.టి.ఎ.లో ఉండేది ఎఫ్‌.ఎక్స్‌.ఎస్., అది ఫోనుకు, ఎఫ్‌.ఎక్స్‌.ఒ. లైనుకు. ఈ రెండింటి భేదం తెలియక కొన్నవారు మరల దుకాణానికి పోవలసి వస్తుంది.

చట్టం, భద్రత

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోను 2002 ఏప్రిల్‌లో పరిమితంగా అనుమతింపబడినది. 2018లో మామూలు ఫోను సంఖ్యలతో కలిసే సేవకు మార్గం ఏర్పడి, ఆ సంవత్సరమే బి.ఎస్‌.ఎన్‌.ఎల్. వింగ్స్ అనే సేవను ప్రవేశపెట్టినది. అయితే సంఖ్యలను లైసెన్సు గల టెలికాం సంస్థ ద్వారానే పొందవలెను. లైసెన్సు లేకుండ విదేశీ పిలుపులను దొడ్డిదారిన మళ్ళించేవారి చేతిలో సంస్థ పేరు పడరాదు.

ఫోను లోపల కూడ ఒక చిన్న కంప్యూటరు ఉన్నది. ఫ్యాక్టరీలో ఇచ్చిన సంకేతపదాన్ని మార్చకపోతే దొంగలు ప్రవేశించి మన ఖర్చుతో విదేశాలకు మాట్లాడగలరు. సంకేతాలను గోప్యంగా ఉంచే టి.ఎల్‌.ఎస్., మాటను గోప్యంగా ఉంచే ఎస్‌.ఆర్‌.టి.పి. రెండూ గల ఫోనును, తయారీదారు ఇంకను దిద్దుబాట్లు పంపుతున్న నమూనాను ఎన్నుకొనవలెను.

అత్యవసర సమయాన 112 లేదా 108 కలుస్తుందా, కలిస్తే ఏ ఊరి కేంద్రానికి పోతుంది అని సేవాసంస్థను అడుగవలెను. మేఘంలోని యంత్రానికి మనం వట్లూరులో ఉన్నామని దానంతట తెలియదు. హాస్టలు వార్డెను వద్ద ఒక సాధారణ మొబైల్ ఫోను ఎల్లప్పుడు ఛార్జింగుతో ఉండుట తప్పనిసరి.

ఎంపిక క్రమం

పై విషయాలనుండి ఒక క్రమం ఏర్పడుచున్నది. మొదట సేవను నిర్ణయించి, తరువాత ఫోనును కొనవలెను. ఫోనులు ముందు కొని సేవకొరకు వెదకుట చెప్పులు కొని కాళ్ళు కొలుచుకొనటం వంటిది. రెండవది, ఎవరికి ఏ ఫోను అన్నది గదిగదికి వ్రాసుకొనవలెను. పిలుపులు పంచే ఆఫీసు గుమాస్తాకు ఎక్కువ మీటలు, దీపాలు గల ఫోను కావలెను. గ్రంథాలయానికి రెండు లైన్ల సాదా ఫోను చాలును. బయట తిరిగే అధ్యాపకునికి మొబైల్‌లోని యాప్ చాలును. మూడవది, ఆమోదిత జాబితా, సిప్, కోడెక్, పి.ఒ.ఇ., తాళం, భద్రత అను ఆరింటిని కొటేషనులోనే పేర్కొనవలెను. నాలుగవది, ఒక్క ఫోను తెప్పించి పదిహేను రోజులు వాడి చూడవలెను. పిలుపు బదిలీ, మీటల స్వరాలు, విద్యుత్తు పోయి వచ్చినప్పుడు తానే తిరిగి నమోదగుట, తెరపై తెలుగు, ఉర్దూ పేర్లు సరిగా కనబడుట ఇవన్నీ పరీక్షించిన పిమ్మటనే మిగిలినవాటికి ఆర్డరు ఇవ్వవలెను. లిపి కనబడకపోతే పేర్లను రోమన్ అక్షరాలలో నింపుకొనవచ్చును. ఐదవది, ఫోనుల సంకేతపదాలు, అమరికలు ఒక రిజిస్టరులో వ్రాసి కళాశాల వద్దనే ఉంచుకొనవలెను. ఏర్పాటు చేసిన మెకానిక్కు ఊరు విడిచిన నాడు మనకు దిక్కు ఆ రిజిస్టరే.

విజ్ఞానశాస్త్రం మనకు సౌకర్యాలను ఇస్తుంది గాని వివేకాన్ని ఇవ్వదు. దానిని మనమే సంపాదించుకొనవలెను. విద్యాసంస్థ సొమ్ము ఒకరి సొమ్ము కాదు, దాతల ఔదార్యం, తల్లిదండ్రుల కష్టార్జితం అందులో ఉన్నవి. కమిటీవారు కొటేషనులోని ధరను చూచునప్పుడు ఈ ప్రశ్నలను కూడ పక్కన ఉంచుకొందురు గాక. విద్యార్థులు, ముఖ్యంగా కంప్యూటరు, ఎలక్ట్రానిక్స్ చదువువారు, పరీక్షకొరకు వల్లించిన ప్రమాణాలు తమ కళాశాల బల్లమీదనే పనిచేయుచున్నవని గుర్తించి, ఒక ఫోనును విప్పి, అమర్చి, పలికించి చూతురు గాక. మారుమూల గ్రామంనుండి ఒక తల్లి చేసిన పిలుపుకు మొదటి మోతలోనే ఎవరో ఒకరు స్పష్టంగా బదులు పలికిన నాడు, ఈ శ్రమకు ఫలం దక్కినట్లే.